అబద్ధం లేని వాక్యం

మేడమ్ పోయి నెల తిరక్కముందే డిపార్ట్‌మెంటు నుంచి ఫోన్ వచ్చింది. ఆవిడ పేరు మీద సంస్మరణ సంచిక వేస్తున్నారట, నేనొక పేజీ రాయాలట. ఏం రాయమంటారని అడిగాను. ఇప్పుడక్కడ హెడ్‌గా ఉన్నాయన చాలా మర్యాదగా చెప్పాడు. "మన డిపార్ట్‌మెంటుకి బయటి నిధులు మొట్టమొదట తెచ్చింది మేడమే కదండీ. దాని మీద రాయండి. ఇప్పటి పిల్లలకి స్ఫూర్తిగా ఉంటుంది."

సరేనని ఫోన్ పెట్టేశాను. తర్వాత పొయ్యి మీద పాలు పొంగి పోతున్నా చూస్తూ నిలబడిపోయాను. తన బతుకు మొత్తంలో ఏ సంగతి గుర్తొస్తే ఆవిడ మాట మధ్యలో ఆపేసి కిటికీ వైపు తిరిగేవారో, సరిగ్గా ఆ సంగతికే వీళ్ళు దండ వెయ్యబోతున్నారు. సంచికకి ఆ పేజీ రాసివ్వలేదు. వేళ్ళు నొప్పెడుతున్నాయని సాకు చెప్పాను.

ఆవిడ పోషకాహారం పాఠం చెప్పే ప్రొఫెసర్. మనిషి పొట్టి. గంజి పెట్టిన నేత చీరలు, పెద్ద కళ్ళజోడు, భుజాన ఒక గుడ్డ సంచీ. ఆ సంచీలో ఎప్పుడూ కొలత టేపు ఉండేది. వాళ్ళ నాన్నగారు గుంటూరు వైపు నుంచి రైల్వే స్కూల్లో పంతులుగా సికింద్రాబాద్ వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. అందువల్ల ఆవిడ మాటలో కోస్తా యాస కొంత, సికింద్రాబాద్ కొంత. "బాగున్నారా" అని ఎవర్నీ అడిగేవారు కాదు. "పొద్దున ఏం తిన్నారు?" అనేవారు. ప్యూన్ని అడిగేవారు, చర్చి బయట పాస్టరుగార్ని అడిగేవారు, సెనేట్ హాలు మెట్ల మీద ఎదురైన వైస్ చాన్సలర్ని కూడా అడిగారు. ఆయన తడబడి "ఇడ్లీ" అన్నాడు. "ఒట్టి ఇడ్లీయేనా? పప్పు తక్కువ పోస్తున్నారు ఇంట్లో," అని మందలించి వెళ్ళిపోయారు.

ఏ పొట్లం చేతికిచ్చినా తిప్పి వెనక ఏం రాశారో చదివేవారు. స్టేషన్ ఎదురుగా ఇరానీ హోటల్లో మేము టీ తాగుతుంటే, ఆవిడ బిస్కెట్ పాకెట్ కళ్ళజోడు దగ్గరగా పెట్టుకుని మైదా ఎంత, చక్కెర ఎంత అని లెక్కలు వేసేవారు. హోటలాయన నవ్వేవాడు. "క్యా మేడమ్, బిస్కెట్ తినడానికా, చదవడానికా?" అనేవాడు. క్రిస్మస్‌కి అందరి ఇళ్ళకీ గులాబీ పువ్వుల పిండివంటా కేకూ పంపేవారు. వాటితో పాటు అవి ఎందుకు ఎక్కువ తినకూడదో కూడా చెప్పి పంపేవారు.

నేను ఆవిడ దగ్గర ప్రాజెక్టు అసిస్టెంటుగా చేరేనాటికి మా ల్యాబు పైకప్పు కురుస్తుండేది. వాన పడితే త్రాసుల మీద ప్లాస్టిక్ పట్టాలు కప్పి, బకెట్లు పెట్టేవాళ్ళం. యూనివర్సిటీ దగ్గర డబ్బు లేదు. ఢిల్లీ నుంచి రావాల్సిన గ్రాంటు వస్తుందని వింటూ వింటూ ఏళ్ళు గడిచాయి. కరీంనగర్ వైపు నుంచి వచ్చిన ఒక రీసెర్చ్ స్కాలర్ ఉండేవాడు. బుద్ధిమంతుడు. నెలల తరబడి స్టైపెండ్ అందక, సాయంత్రాలు ట్యూషన్లు చెప్పుకునేవాడు. అతను మధ్యాహ్నం తినడం మానేశాడని మేడమ్‌కి తెలిసింది. పోషకాహారం మీద పరిశోధన చేసే కుర్రాడు పస్తులుండటం ఆవిడకి తలకొట్టేసినట్టయింది.

అలాంటప్పుడు వచ్చాడు కంపెనీ మనిషి. పిల్లలకి పాలల్లో కలిపి ఇచ్చే పొడి తయారుచేసే కంపెనీ. బేగంపేటలో ఆఫీసు. వచ్చినాయన చెడ్డవాడు కాదు. మా గదిలో విరిగిన కుర్చీలోనే కూర్చున్నాడు, మేమిచ్చిన టీ తాగాడు, వాళ్ళమ్మాయి చదువు గురించి చెప్పాడు. "ఫలితం ఏదొచ్చినా మాకు ఓకే మేడమ్. మేం కొనేది ఫలితం కాదు, మీ పని," అన్నాడు. ఒప్పందం యూనివర్సిటీతో. రిపోర్టు అచ్చు వేయాలంటే కంపెనీ అనుమతి ఉండాలని అందులో ఒక మాట ఉంది. మేడమ్ అది చదివారు. కలం మూత తీసి, మళ్ళీ పెట్టి, పైకప్పు వైపు చూసి, సంతకం చేశారు.

సీతాఫల్‌మండి రైలు పట్టాల పక్కనున్న సర్కారు బడిలో పని మొదలుపెట్టాం. ఒక తరగతి పిల్లల్ని రెండు గదుల్లో కూర్చోబెట్టేవాళ్ళం. మొదటి గది పిల్లలకి పాలల్లో ఆ పొడి కలిపి ఇచ్చేవాళ్ళం. రెండో గది పిల్లలకి అవే పాలు, అదే రంగు, అంతే తీపి, పొడి మాత్రం ఉండదు. ఎవరు ఏది తాగుతున్నారో పిల్లలకి తెలియదు. బడి నడిచినన్నాళ్ళూ రోజూ ఇదే పని. ఎత్తు కొలిచే రోజున పిల్లలు గోడకి నిలబడి మడమలు మెల్లగా పైకెత్తేవాళ్ళు. మేడమ్ నేల మీద గొంతుక్కూర్చుని, మడమ కిందికి వేళ్ళు పోనిచ్చి చూసి, "దొరికాడు దొంగ," అనేవారు. గది గదంతా నవ్వేది. ఆవిడ అంత సంతోషంగా ఉండగా నేను మరెప్పుడూ చూడలేదు.

ఏడాది ఆఖరున లెక్కలు తేలాయి. మొదటి గది పిల్లలు ఎదిగారు. రెండో గది పిల్లలూ అంతే ఎదిగారు. పొడి వల్ల వచ్చిన తేడా ఏమీ లేదు. రోజూ గ్లాసెడు పాలు కడుపులో పడటం వల్ల అందరూ ఒళ్ళు చేశారు. మేడమ్ ఉన్నది ఉన్నట్టు రిపోర్టు రాసి పంపారు. కంపెనీ వాళ్ళు ఒక్క మాటా అనలేదు. కొన్నాళ్ళకి ఆ బేగంపేట ఆయన మళ్ళీ వచ్చి ఒక కాగితం మేడమ్ ముందు పెట్టాడు. అందులో ఒకటే వాక్యం. మా పొడి తాగిన పిల్లలు చక్కగా ఎదిగారని విశ్వవిద్యాలయ పరిశోధనలో తేలింది, అని.

మేడమ్ రెండుసార్లు చదివారు. నా వైపు జరిపారు.

"ఇందులో అబద్ధం ఉందా?"

నేనూ చదివాను. పొడి తాగిన పిల్లలు ఎదిగిన మాట నిజమే. "లేదు మేడమ్," అన్నాను.

"అబద్ధం లేదు," అన్నారు ఆవిడ, తనకి తాను చెప్పుకుంటున్నట్టు. బయట మేస్త్రీలు పైకప్పు మీద కొత్త స్లాబుకి చువ్వలు కడుతున్నారు. ఆ చప్పుడులోనే కాగితం కింద సంతకం పెట్టారు.

కేబుల్ టీవీ ఇంటింటికీ వస్తున్న రోజులవి. ఆ వాక్యం టీవీలోకి వచ్చింది. తెల్లకోటు వేసుకుని, కళ్ళజోడు పెట్టుకున్న ఒకావిడ, చేతిలో కొలత టేపుతో, ఒక కుర్రాణ్ణి గోడకి నిలబెట్టి ఆ మాట చెబుతుంది. ఎవరో నటి. కానీ మేడమ్ చర్చి నుంచి బయటికొస్తే జనం చుట్టూ చేరి మెచ్చుకునేవాళ్ళు. ఆవిడకి అది బాగుందనే చెప్పాలి. చెయ్యి అడ్డం ఊపుతూ "నేనేం చేశానండీ" అనేవారు గానీ, ముఖం వెలిగేది.

మరుసటి సంవత్సరం అవే పిల్లల్ని ఇంకోసారి కొలవాలని కంపెనీ కోరింది. బడికి వెళ్ళాం. అప్పటికి పాలు ఇవ్వడం ఆగిపోయి చాలా కాలమైంది. రమేష్ అనే కుర్రాడు అంతకుముందు మొదటి గదిలో ఉండేవాడు, మడమలెత్తడంలో అందరికంటే ఘనుడు. వాడు బరువు తగ్గాడు. మేడమ్ త్రాసు చెడిందేమోనని నన్ను ఎక్కించి చూశారు. త్రాసు బాగానే ఉంది. "పద, వీళ్ళింటికి వెళ్దాం," అన్నారు.

పట్టాల వెంబడి బస్తీలో రేకుల ఇల్లు. రమేష్ తండ్రి స్టేషన్లో కూలీ. తల్లి అంజమ్మ రైల్వే క్వార్టర్లలో అంట్లు తోమేది. మమ్మల్ని చూసి గాభరాగా చాప వేసింది. గూట్లో దేవుడి పటాల పక్కన, తుడిచి మెరిసేట్టు పెట్టిన కంపెనీ డబ్బా. కొడుకు బడి నుంచి వచ్చే వేళని, ఆమె గ్లాసులో రెండు చెంచాల పొడి వేసి కాగిన నీళ్ళు పోసింది.

"పాలు పొయ్యవా అమ్మా?" అడిగారు మేడమ్.

"పాలెక్కడియి మేడమ్. డబ్బా కొంటున్నం గద, పాలు బంద్ వెట్టినం. రెండు కొనాలంటె మాకు తక్లీఫ్ అయితది. డబ్బాల అన్ని ఉన్నయని మీరే చెప్తిరి."

"నేనెప్పుడు చెప్పాను?"

"టీవీల. తెల్లకోటు ఏసుకొని." అంజమ్మ సిగ్గుగా నవ్వింది. "జెర రంగు ఎక్కువ కనవడ్డరు గని, గుర్తువట్టిన."

"ఆవిడ నేను కాదమ్మా..." అని మొదలుపెట్టి మేడమ్ ఆగిపోయారు. చెయ్యి చాపి ఆ డబ్బా అందుకున్నారు. అలవాటు ప్రకారం తిప్పి వెనక చూశారు. అక్కడ, కనీకనిపించనంత చిన్న అక్షరాల్లో, ఇంగ్లీషులో ఉంది, పాలతో కలిపి వాడాలని. ఊళ్ళోని పాకెట్లన్నీ తిప్పి చదివిన మనిషి, తను సంతకం పెట్టిన డబ్బా వెనక అంతవరకూ చూడలేదు.

ఆ రోజు మేము బస్తీలో ఇంకొన్ని ఇళ్ళకి వెళ్ళాం. చాలా ఇళ్ళల్లో డబ్బా ఉంది, పాలు లేవు. బడిలో ఊరికే ఇచ్చినన్నాళ్ళూ పిల్లల్ని పెంచింది ఏదో, సరిగ్గా అదే మానేశారు. ల్యాబుకి తిరిగొచ్చాక మేడమ్ ఆ వాక్యం ఉన్న కాగితం బయటికి తీయించి, పైకి చదివారు. "రెండో గది పిల్లలేరీ ఇందులో?" అన్నారు. నన్ను అడిగినట్టు లేదు.

తర్వాతి వారాలు ఆవిడకి ఆఫీసుల చుట్టూ గడిచాయి. బేగంపేట ఆయన నొచ్చుకున్నాడు. డబ్బా మీద పాలతో అనే రాశాం కదా మేడమ్ అన్నాడు. యూనివర్సిటీ పెద్దాయన ఆవిడని కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇప్పించి, "సంతకం మీదే కదమ్మా," అన్నాడట. రిపోర్టు పేపర్లకి ఎక్కితే ఒప్పందం ఉల్లంఘన అవుతుందనీ, మిగతా డిపార్ట్‌మెంట్లకి రాబోయే నిధులు కూడా ఆగుతాయనీ చెప్పాడట. మెట్లు దిగి వస్తున్నప్పుడు నేను కింద నిలబడి ఉన్నాను. ఆవిడ రైలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ దిగారు. "నన్ను తిట్టలేదు. గౌరవంగానే మాట్లాడారు," అన్నారు.

పేపర్లకి చెప్పకూడదన్నారు గానీ, తల్లులకి చెప్పొద్దని ఎవరూ అనలేదని ఆవిడే ఆలోచించుకున్నారు. హెడ్మాస్టరుతో మాట్లాడి ఒక ఆదివారం బడిలో తల్లులందర్నీ పిలిపించారు. చర్చి మానేసి వచ్చారు. ఆడవాళ్ళు వసారాలో కింద కూర్చున్నారు. ఆవిడకి కుర్చీ వేస్తే కూర్చోలేదు. రెండు గదుల సంగతీ, పాల సంగతీ పూసగుచ్చినట్టు చెప్పారు. "ఆ డబ్బా కొనకండి. ఆ డబ్బులు పెట్టి పాలు కొనండి, గుడ్డు పెట్టండి, పల్లీలు పెట్టండి," అన్నారు.

వెనకనుంచి ఒక పెద్దామె అడిగింది. "మరి టీవీల మంచిదంటిరి?"

"అది నా తప్పు. సగమే చెప్పాం."

"పెద్దోళ్ళ పిల్లలు తాగుతున్నరు గద మేడమ్. మీ క్వార్టర్ల దిక్కు ఇంటింటికి ఉన్నది, నేను అంట్లు తోముత, సూస్త." ఆమె గొంతులో కోపం లేదు, అనుమానం ఉంది. "వాళ్ళు తాగితె మంచిది. మా పోరగాండ్లు తాగితె దండుగ. గిదేం లెక్క?"

కొందరు నవ్వారు. పక్కనున్న ఆమె ఎవరితోనో, "కంపినోళ్ళతోని లొల్లి అయినట్టుంది," అనడం నాకు వినిపించింది. మేడమ్‌కీ వినిపించే ఉంటుంది. ఆవిడ ఇంకోసారి మొదటినుంచీ చెప్పబోయారు. కానీ తరగతిలో గంటల కొద్దీ తడబడకుండా మాట్లాడే మనిషికి అక్కడ పదాలు అందలేదు. ఇంగ్లీషు మాటలు దొర్లాయి. ఆడవాళ్ళు ఒక్కొక్కరే కొంగులు దులుపుకుని లేచారు, పనికి వేళవుతోందని. అంజమ్మ మాత్రం చివరిదాకా కూర్చుని, లేస్తూ దండం పెట్టి వెళ్ళింది.

ఆ తర్వాత ఆవిడ ఎవర్నీ పొద్దున ఏం తిన్నారని అడగలేదు. అది ఒక్కరోజులో మానేసింది కాదు. నాకు తెలిసేసరికి చాలా రోజులైపోయింది. చర్చిలో ముందు వరసలో పాడే ఆవిడ చివరి బెంచీకి మారారు. కొత్త స్లాబు వేసిన ల్యాబులోకి క్లాసు ఉంటేనే వెళ్ళేవారు. వాన పడితే లోపల మేము చుక్క కురవడం లేదని మురిసిపోతుంటే, ఆవిడ గొడుగేసుకుని వరండా దాటి పాత లైబ్రరీలోకి వెళ్ళి కూర్చునేవారు. బస్తీలో ఆవిడకి డబ్బా మేడమ్ అని పేరు పడిపోయింది. బడి దగ్గరికి వెళ్తే పిల్లలు అలాగే పిలిచేవాళ్ళు, ప్రేమగా.

బయటి డబ్బు మళ్ళీ ముట్టుకోలేదు. నూనెల కంపెనీ వచ్చింది, విదేశీ సంస్థ ఒకటి వచ్చింది. అందరికీ ఒకే జవాబు. విదేశీ సంస్థ పనిలో ఏ మెలికా లేదని, రిపోర్టు మనిష్టం వచ్చినట్టు వేసుకోవచ్చని నేను ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. ఈ విషయంలో ఆవిడని నేను సమర్థించను. కంపెనీ డబ్బు ఆగిపోయింది, ఢిల్లీ డబ్బు రాలేదు, కరీంనగర్ కుర్రాడి స్టైపెండ్ మళ్ళీ నిలిచిపోయింది. థీసిస్ సగంలో ఉంది. మేడమ్ తన జీతంలోంచి ఇస్తానంటే అతను తీసుకోలేదు. ఒకరోజు వచ్చి, ఉద్యోగం దొరికిందని చెప్పాడు. ఎక్కడని ఆవిడ అడిగితే నేల చూశాడు. ఆ పొడి కంపెనీలోనే. ఊరూరా డాక్టర్ల దగ్గరికి తిరిగి డబ్బాలు చూపించే పని.

"మంచిది నాయనా," అన్నారు ఆవిడ. అతను వెళ్ళాక సింకు దగ్గర చేతులు కడుక్కుంటూ చాలాసేపు నిలబడ్డారు. "నా సిగ్గు కడుక్కోవడానికి వాడి చదువు వాడేశాను," అన్నారు. నేను కాదని చెబుతాననుకున్నారో ఏమో, నా వైపు చూశారు. నేను తువ్వాలు అందించాను. ఆవిడ మళ్ళీ కుళాయి తిప్పారు.

రిటైరయ్యాక నేరేడ్‌మెట్‌లో చెల్లెలింటి పక్కన చిన్న ఇల్లు కట్టుకున్నారు. నేను అప్పుడప్పుడు వెళ్ళేదాన్ని. పాఠాల గురించి, కీళ్ళ నొప్పుల గురించి మాట్లాడేవాళ్ళం. ఆ పాత సంగతి ఎత్తితే మాట మధ్యలో ఆగిపోయేది.

ఎం.ఎం.టి.ఎస్. రైళ్ళు కొత్తగా వచ్చిన రోజుల్లో, మలక్‌పేటలో మా సహోద్యోగి ఇంటి పెళ్ళికి వెళ్ళి ఇద్దరం రైల్లో తిరిగొస్తున్నాం. పెట్టె కిక్కిరిసి ఉంది. కాచిగూడలో ఎక్కిన ఒక యువకుడు మేడమ్‌ని పరకాయించి చూసి, కూర్చున్నవాణ్ణి లేపి ఆవిడకి సీటిప్పించాడు. పొడుగ్గా, దిట్టంగా ఉన్నాడు. కొరియర్ కంపెనీ చొక్కా తొడుక్కున్నాడు.

"మేడమ్, మీరు డబ్బా మేడమ్ గద. నేను రమేష్. సీతాఫల్‌మండి బడి. నా కాళ్ళ కింద చెయ్యి వెట్టి సూస్తుంటిరి."

మేడమ్ ముఖంలో రంగు పోయింది. "ఎంత పొడుగయ్యావు," అన్నారు.

"అంత మీ దయనే. మా అమ్మ మీ మాట మీద డబ్బా తాపిచ్చింది, పాలు సుత తాపిచ్చింది. పదో తరగతి దాంక ఒక్కరోజు బంద్ వెట్టలే. దోస్తులందరి కన్న నేనే పొడుగు."

"రెండూనా? రెండూ ఎలా కొన్నారు మీరు?"

"గది నాకెర్క లేదు మేడమ్. మా అమ్మకే ఎర్క." అతను నవ్వి అన్నాడు, "అమ్మకే జెర పానం బాగుంటలేదు. నడుం వంగిపోయింది. దవాఖానకు పోదామంటె పరేషాన్ ఏం లేదంటది."

మేము దిగాల్సింది సికింద్రాబాద్‌లో. సీతాఫల్‌మండి రాగానే అతని వెనకే మేడమ్ లేచారు. నేనూ దిగాను.

ఇల్లు ఇప్పుడు స్లాబు ఇల్లు. అంజమ్మ గడప పక్కన గోడకి ఆనుకుని కూర్చుని బియ్యం ఏరుతోంది. మమ్మల్ని చూసి లేవబోయింది. లేచినా సగమే లేచింది. వీపు విల్లులా వంగి, ముఖం నేల వైపు ఉంది. మమ్మల్ని చూడాలంటే మెడ పక్కకి తిప్పాల్సి వచ్చింది. ఆమె వయసు నాకంటే తక్కువే ఉంటుంది.

మేడమ్ ఆమె పక్కన నేల మీదే కూర్చున్నారు. ఆ రోజు బడిలో తను చెప్పిన మాట ఎవరూ వినలేదనుకున్నానని అన్నారు.

"నేను ఇన్న మేడమ్. పాలతోనే పిల్లలు పెరుగుతరని మీరంటిరి. గప్పటి సంది మల్ల పాలు షురూ జేసిన. గని పక్కింటి పోరగాండ్లు డబ్బా తాగుతుంటె వీడు మూతి ముడుస్తుండె. అది సుత ఎట్ల బంద్ వెడుదు? రెండు కొన్న."

"మరి నువ్వేం తిన్నావమ్మా అన్నాళ్ళూ?"

అంజమ్మకి ఆ ప్రశ్న వింతగా తోచింది. "నాదేమున్నది. పొద్దుగాల చాయ్. క్వార్టర్ల అమ్మలు ఏమన్న వెడితె తింటుంటి. రాత్రికి ఇంత గంజి. పోరడు పెరిగిండు గద."

"తప్పు నాదమ్మా," అన్నారు మేడమ్.

"గట్లనకున్రి. మీరేం జేస్తరు. మీది సుత కొలువే గద." ఆమె ఓదార్పుగా మేడమ్ మోకాలి మీద చెయ్యి వేసింది. ఎన్నేళ్ళుగానో ఆవిడ ఎదురుచూసిన క్షమ అదేనేమో నాకు తెలియదు. మేడమ్ ఆ చేతి వైపు చూస్తూ కూర్చున్నారు. దాన్ని తీయమనలేకపోయారు, పట్టుకోనూలేకపోయారు.

సోమవారం సికింద్రాబాద్ పెద్ద దవాఖానలో ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానన్నారు. అంజమ్మ సరేనంది. సోమవారం మేడమ్ పొద్దున్నే వెళ్ళి గేటు దగ్గర ఓ.పీ. మూసేదాకా నిలబడ్డారు. ఆమె రాలేదు. పని మానేస్తే క్వార్టర్ల వాళ్ళు వేరేవాళ్ళని పెట్టుకుంటారని రాలేదట. ఆ మరుసటి వారమూ రాలేదు. మేడమ్ వెళ్ళడం మానలేదు. చివరికి క్వార్టర్ల వాళ్ళేదో ఊరెళ్తే, అంజమ్మ ఒక సోమవారం ఆటో దిగింది. ఆ రోజు నేనూ ఉన్నాను.

డాక్టరు చిన్నవాడు, ఓపికగా చూశాడు. ఎముకలు గుల్లబారిపోయాయన్నాడు. వంగిన వీపు నిలబడదు, ఇంకా విరగకుండా చూసుకోవాలి. మాత్రలు రాశాడు. "పాలు, గుడ్లు బాగా తీసుకోవాలమ్మా. ముందునుంచీ తిని ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు," అన్నాడు.

బయటికొచ్చాక అంజమ్మ వరండాలో బెంచీ మీద కూర్చుంది. మాత్రల చీటీ కొంగున ముడేసుకుంది. ఏదో అడగాలని చూసి, మొహమాటపడి, చివరికి మెడ తిప్పి మేడమ్ వైపు చూసింది.

"మేడమ్, గిప్పుడు పోరడు కమాయిస్తున్నడు. ఆ డబ్బా నేను సుత తాగొచ్చునా? మునుపు వానికే సాలకపోతుండె."

మేడమ్ ఆమె పక్కన బెంచీ మీద కూర్చున్నారు. "వద్దమ్మా. పాలు తాగు. గుడ్డు తిను, రోజూ."

"మంచిది మేడమ్," అంది అంజమ్మ. పెద్దవాళ్ళ ఇంట్లో ఏదో అడిగి లేదనిపించుకున్నట్టు ఆమె ముఖం చిన్నబోయింది.

ఆమె చెప్పులు డాక్టరు గది బయట విడిచింది. జనం కాళ్ళు తగిలి ఒకటి ఎటో పోయింది. అంజమ్మ వంగిన నడుంతోనే ఇటూ అటూ వెతుకుతోంది. నేను కదిలేలోగా మేడమ్ నేల మీద మోకాళ్ళు ఆనించి, బెంచీ కిందికి చెయ్యి పోనిచ్చి, ఆ రెండో చెప్పు బయటికి లాగారు. రెండూ జతచేసి ఆమె ముందు పెట్టారు. అంజమ్మ కంగారుగా కాళ్ళు వెనక్కి లాక్కుంది.

"అయ్యో, గట్ల జెయ్యకున్రి మేడమ్. అందరు సూస్తున్నరు."

మేడమ్ లేవలేదు. చీర కుచ్చిళ్ళు దవాఖాన నేల తడిలో నానుతుంటే, ఆమె పాదం మెల్లగా ముందుకి తీసుకుని చెప్పు తొడిగారు. తర్వాత రెండోది కూడా తొడిగి, లేవడానికి నా చెయ్యి అడిగారు.